ఆర్గన్ ఊరిది, వాక్యం సంఘానిది: హాలెండ్ పాత చర్చీల్లో జూన్ నెల

హాలెండ్‌లోని పెద్ద పాత రిఫార్మ్‌డ్ (కాల్విన్ అనే బోధకుడి మార్గంలో నడిచే ప్రొటెస్టంట్ శాఖ) చర్చీల్లో ఆదివారం పొద్దున ఆరాధన జరుగుతుంది. మిగతా వారమంతా కచేరీలు, ప్రదర్శనలు, విందులు. బయటినుంచి వచ్చినవాళ్లు దీన్ని చూసి, జనం రావడం తగ్గాక డబ్బు కోసం చర్చిని ఫంక్షన్ హాలు చేశారనుకుంటారు. అది సగం నిజమే. సంఘాలు చిన్నవయ్యాయి, పైకప్పుల మరమ్మతులు పెరిగాయి. కానీ ఈ కట్టడాలకు రెండు పనులు చేయడం కొత్త కాదు. పదహారో శతాబ్దంలో ఇవి కాల్విన్ మార్గం వాళ్ల చేతికి వచ్చినప్పుడే వాక్యం సంఘం పాలికి, గోడలూ గంటలూ ఆర్గనూ (గాలి గొట్టాలతో మోగే పెద్ద వాద్యం) చాలాచోట్ల ఊరి పాలికి వెళ్లాయి. ఇది తెలిసి వెళ్తే లోపల చూసే ప్రతి వస్తువుకూ అర్థం దొరుకుతుంది. ఇల్లు చేరిన వెంటనే, మరిచిపోకముందే రాసిన కథనమిది. ఇందులోని ధరలు ఉజ్జాయింపు.

ఆదివారం, ఆమ్‌స్టర్‌డాం: ఔద కెర్క్

ఔద కెర్క్‌లో ఆరాధన ఉదయం పదకొండుకు. ఆ వేళ చర్చి సందర్శకులకు తెరవరు, మధ్యాహ్నం ఒంటిగంట తర్వాతే మ్యూజియం టికెట్లు. ఆరాధనకు వచ్చామని తలుపు దగ్గర చెబితే డబ్బు అడగరు. పది నిమిషాలు ముందు వెళ్లడం మంచిది. మొదలయ్యాక రాతినేల మీద నడిచి వస్తే అడుగుల చప్పుడు చర్చి అంతా వినిపిస్తుంది.

సెంట్రల్ స్టేషన్ నుంచి నడిస్తే పది నిమిషాలు. ఫోన్‌లో పేరు సరిగ్గా కొట్టకపోతే మ్యాపు డామ్ కూడలిలోని న్యూవ కెర్క్‌కి తీసుకెళ్తుంది. ఆ పొరపాటు చేసి, ఎవరూ లేని తలుపు ముందు నిలబడి చుట్టూ చూసేవాళ్లు ప్రతి ఆదివారం కనిపిస్తారు. ఔద కెర్క్ దానికి తూర్పున, కాలువల మధ్య, ఎర్రదీపాల పేట నడిబొడ్డున ఉంది. చర్చి గోడకు ఎదురుగానే అద్దాల కిటికీలు, వాటి వెనక ఆడవాళ్లు. ఇక్కడ ఒక మర్యాద తప్పకుండా పాటించాలి. ఆ కిటికీల వైపు కెమెరా ఎత్తకూడదు. చర్చి బురుజును ఫొటో తీయాలన్నా, తీసే కోణంలో కిటికీ పడుతోందేమో చూసుకోవాలి. పేటలోని వాళ్లు వెంటనే మందలిస్తారు, మందలించడం న్యాయమే.

ఈ చర్చిని 1306లో సెంట్ నికొలాస్ పేరిట ప్రతిష్ఠించారు. నికొలాస్ ఓడవాళ్లకు రక్షకుడు, ఆమ్‌స్టర్‌డాం ఓడల ఊరు. తలెత్తితే కనిపించేది రాతి కమాను కాదు, చెక్క. నేల మెత్తటి బురద కావడంతో రాతి కప్పు బరువు మోయలేదు. అందుకే బాల్టిక్ ఒడ్డునుంచి తెచ్చిన ఓక్ పలకలతో కప్పారు. బోర్లించిన ఓడ అడుగులా ఉంటుంది. చెక్క కావడం వల్లే మాట కొంచెం స్పష్టంగా వినిపిస్తుంది. రాతి కమానుల కింద ప్రతి అక్షరం రెండోదాని మీద పడి కలిసిపోతుంది.

నేలంతా సమాధి రాళ్లే. రెండున్నర వేల సమాధులు, వాటిలో పదివేలమంది దాకా. 1865 వరకు ఇక్కడ పాతిపెట్టారు. రాళ్లు ఒక మట్టంలో లేవు. కింద నేల కుంగినచోట రాయి ఒక అంచున పైకి లేచి ఉంటుంది. మడమ ఎత్తు చెప్పులతో వెళ్తే కాలు మెలిక పడుతుంది. సమాధి స్థలం అప్పట్లో అమ్ముకోగల ఆస్తి. చిత్రకారుడు రెంబ్రాంట్ భార్య సస్కియాను 1642లో ఇక్కడ పాతిపెట్టారు. ఇరవై ఏళ్ల తర్వాత అప్పుల్లో పడ్డ రెంబ్రాంట్ ఆ స్థలాన్ని అమ్మేశాడు. రాయి మాత్రం ఉంది. ఏటా మార్చి 9 ఉదయం 8:39కి ఎండ సరిగ్గా దానిమీద పడుతుంది, ఆ పొద్దున జనం చేరతారు.

రాళ్ల మీద ఓడలు, కత్తెరలు, వర్తకుల గుర్తులు, కుటుంబ చిహ్నాలు చెక్కి ఉన్నాయి. బందరులో డచ్చి సమాధులు చూసినవాళ్లకు ఆ చెక్కడం తీరు వెంటనే తెలిసిపోతుంది. డచ్ ఈస్టిండియా కంపెనీ 1605 ప్రాంతంలోనే మచిలీపట్నంలో కోఠీ పెట్టింది. ఆ కంపెనీ ప్రధాన కార్యాలయం ఈ చర్చికి నాలుగు వీధుల అవతలే, ఇంకా నిలిచి ఉంది. మన కలంకారీ బట్టల లెక్కలు చూసిన వర్తకుల ఆదివారాలు ఈ పేట చర్చీల్లోనే గడిచాయి.

ఇక ఆరాధన. కత్తోలిక చర్చి అలవాటున్నవాళ్లు కళ్లతో బలిపీఠం వెతుకుతారు. అది లేదు. 1566లో విగ్రహాలు పగలగొట్టారు, 1578లో ఊరి పాలన కాల్విన్ మార్గం వాళ్ల చేతికి వచ్చింది. పాత బలిపీఠం వైపు భాగాన్ని ఓక్ తెరతో వేరుచేశారు. దానిమీద డచ్చిలో రాసి ఉంది, దేవుని సంఘంలోకి మెల్లగా చొరబడిన దురాచారం డెబ్బై ఎనిమిదో ఏట ఇక్కడ తొలగిపోయిందని. కేంద్రం ఇప్పుడు పుల్పిట్, అంటే ప్రసంగ వేదిక. పొడవాటి హాలు మధ్యలో ఒక స్తంభానికి ఆనించి, పైన చెక్క గొడుగుతో కడతారు. ఆ గొడుగు అలంకారం కాదు. గొంతు పైకి పోయి కప్పు కింద తిరగకుండా జనం మీదికి మళ్లించే పలక అది. కుర్చీలు మూడు వైపుల నుంచీ దానికి ఎదురుగా ఉంటాయి. కుర్చీలు నేలకు బిగించినవి కావు, అదే ముఖ్యం. ఆదివారం పుల్పిట్ వైపు తిప్పి వేసినవి శనివారం కచేరీకి ఇంకోవైపు తిరుగుతాయి.

గోడమీద చెక్క బోర్డు, దానిమీద కీర్తనల అంకెలు. తలుపు దగ్గర పాటల పుస్తకం తీసుకుని ఆ అంకె తెరిస్తే చాలు, భాష రాకపోయినా రాగం పట్టుకోవచ్చు. జెనీవా కీర్తనల రాగాలు నిదానమైనవి, ఒక్కో స్వరం నిలిపి పాడతారు. చాలా డచ్చి సంఘాల్లో పాస్టరు పుల్పిట్ ఎక్కేముందు ఒక సంఘ పెద్ద ఎదురొచ్చి చెయ్యి కలుపుతాడు, దిగాక మళ్లీ కలుపుతాడు. నీకు ఈ వాక్యం అప్పగిస్తున్నాం, చెప్పింది విన్నాం అని దాని భావం. పాత పద్ధతి సంఘాల్లో ప్రసంగం మొదలవుతుండగా వరసలో పెద్దామె సంచిలోంచి పిప్పరమెంటు బిళ్లలు తీసి పక్కవాళ్లకు అందిస్తుంది. కాదనకుండా తీసుకోవాలి. నమలకుండా చప్పరించాలి, ప్రసంగం పొడుగునా నిలవాలి కదా.

కానుక సంచులు ఒకదాని వెనక ఒకటి రావచ్చు. ఒకటి పేదలకు, రెండోది చర్చి ఖర్చులకు. మొదటి సంచిలోనే అంతా వేసేసి రెండోదానికి తెల్లముఖం వేయకుండా చిల్లర రెండు భాగాలుగా ఉంచుకోవాలి. ఆరాధన అయ్యాక కాఫీ. కాఫీకి ఆగకుండా వెళ్లిపోతే మర్యాద కాదని ఎవరూ అనరు, కానీ ఆగితేనే మాటలు కలుస్తాయి. కాఫీతో వచ్చేది ఒకే ఒక బిస్కెట్టు. రెండోది అడగరు, డబ్బా మూసేస్తారు.

మధ్యాహ్నం ఇదే చోట మ్యూజియం. పదమూడు, పదిహేను యూరోల టికెట్. సమకాలీన కళాకారులు ఈ ఖాళీని బట్టి పని చేస్తారు. కొన్ని నెలలు శబ్దం, కొన్ని నెలలు వెలుగు. నచ్చకపోయినా వెనక గాయకవృందం ఆసనాలు చూడకుండా రాకూడదు. మడత కుర్చీ పైకెత్తితే కింద చెక్కడాలు ఉంటాయి. ఒక మనిషి కూర్చుని మలంగా నాణేలు విసర్జిస్తుంటాడు. డబ్బు ఊరికే రాలదని సామెత. ఎర్ర తలుపు ఒకటుంది, పెళ్లి ఒప్పందం రాయించుకోవడానికి జంటలు అందులోంచే లోపలికి వెళ్లేవి. తొందరపడి పెళ్లాడితే తీరిగ్గా ఏడుస్తావని దానిపైన రాసి ఉంది. ఇనుప తలుపున్న గదిలో ఊరి ముఖ్యపత్రాల పెట్టె ఉండేది. అంటే ఒకే కప్పు కింద పెళ్లి రిజిస్టరు, ఊరి దస్తావేజులు, కీర్తనలు.

ఆర్గన్ సంగతి ఇక్కడే చెప్పాలి. 1574లో డోర్డ్రెక్ట్‌లో కూడిన సంఘాల సభ ఆర్గన్ వాయించడం ఆపాలంది. కానీ ఆర్గన్లు ఊరివి, వాయిద్యగాడి జీతం ఊరిది. అందుకని ఆరాధన జరుగుతున్నంతసేపూ ఆర్గన్ మూగ. ఒక పాటగాడు ఎత్తుకుంటే జనం అందుకునేవారు. ఆరాధనకు ముందూ తర్వాతా మాత్రం ఊరి జనం కోసం ఊరి జీతగాడు వాయించేవాడు. నాలుగు దశాబ్దాలకు పైగా అలా వాయించిన యాన్ పీటర్‌స్జోన్ స్వేలింక్ 1621లో చనిపోయి ఇక్కడే సమాధిలో ఉన్నాడు. చర్చిలో మతానికి సంబంధం లేని కచేరీ అనే అలవాటు ఈ నిషేధంలోంచే పుట్టింది. ఇప్పుడున్న పెద్ద ఆర్గన్ క్రిస్టియన్ ఫాటర్ 1724-26లో కట్టింది.

సోమవారం, డామ్ కూడలి

న్యూవ కెర్క్‌లో ఇప్పుడు వారంవారం ఆరాధన లేదు. ప్రదర్శనలు, ఆర్గన్ కచేరీలు, రాజులు ప్రమాణం చేయడం, అంతే. 2013లో విల్లెం అలెక్సాండర్ ఇక్కడే ప్రమాణం చేశాడు. ప్రధాన బలిపీఠం ఉండాల్సిన చోట నౌకాసేనాని డె రైటర్ పాలరాతి సమాధి ఉంది. లోపలికి వెళ్లి అది ఒక్కటి చూసినా రిఫార్మ్‌డ్ చర్చిలో ఊరికి ఎంత వాటా ఉందో తెలుస్తుంది. ప్రదర్శన టికెట్ ఖరీదెక్కువ, ప్రదర్శన మీద ఆసక్తి ఉంటేనే కొనాలి.

పక్క సందుల్లో చేపల బండి దగ్గర హెరింగ్. జూన్ మధ్యలో కొత్త పంట వస్తుంది. ఉప్పులో ఊరిన పచ్చి చేప, వండరు. పురుగు చావడానికి గడ్డకట్టించి తీరాలని చట్టం, కాబట్టి భయం అక్కర్లేదు. ఆమ్‌స్టర్‌డాంలో ముక్కలు కోసి, తరిగిన ఉల్లిపాయ, పులిసిన దోసకాయ వేసి, చిన్న జెండా గుచ్చిన పుల్లతో ఇస్తారు. నాలుగైదు యూరోలు. మెత్తగా వెన్నలా ఉంటుంది, నీచు వాసన రాదు. వాసన వస్తే అది పాత సరుకు, తినకండి.

మంగళవారం, హార్లెం: సెంట్ బావో

ఆమ్‌స్టర్‌డాం నుంచి రైల్లో ఇరవై నిమిషాల లోపే. ఇక్కడ దారి తప్పేది పేరు వల్ల. హార్లెంలో సెంట్ బావోలు రెండు. కాలువ పక్కన గుమ్మటాలతో ఉన్నది 1895లో మొదలుపెట్టి కట్టిన కత్తోలిక కెథడ్రల్. పాతది, రిఫార్మ్‌డ్ సంఘానిది, గ్రోట మార్క్ట్ కూడలిలో ఉంది. స్టేషన్ నుంచి నేరుగా దక్షిణానికి పది నిమిషాలు నడిస్తే బురుజు కనిపిస్తుంది. టాక్సీ ఎక్కితే గ్రోట మార్క్ట్ అని చెప్పండి, బావో అనకండి. సందర్శకుల తలుపు కూడలి వైపు ఉండదు, ఔద గ్రూన్‌మార్క్ట్ వైపు గోడకు అంటుకున్న చిన్న ఇళ్ల మధ్య ఉంటుంది. కొత్తవాళ్లు కూడలి వైపు పెద్ద తలుపు లాగి, మూసేశారనుకుని తిరిగిపోతారు. సోమవారం నుంచి శనివారం దాకా తెరుస్తారు. ఆదివారం పదింటికి ఆరాధన.

ఆ చిన్న ఇళ్ల సంగతి ఆగి చూడాల్సిందే. చర్చి గోడకు చంకలో పిల్లల్లా అతుక్కుని దుకాణాలున్నాయి. వాటిని అద్దెకిచ్చి ఆ డబ్బుతో చర్చిని బాగుచేసుకునేవారు. అంటే "చర్చిని అద్దెకిస్తున్నారు" అనే ఫిర్యాదు వందల ఏళ్లు ఆలస్యంగా వచ్చింది. చేపల బజారు భవనం 1769 నాటిది, చర్చి గోడకే ఆని ఉంది, ఇప్పుడు చిత్రాల ప్రదర్శనశాల. ఎదురుగా మాంసపు బజారు, లీవెన్ డె కై 1600ల మొదట్లో కట్టాడు. ఎద్దుల, గొర్రెల తలలు చెక్కిన ముఖద్వారం.

పైన సన్నటి బురుజు చెక్కది, పైన సీసం రేకు తొడుగు. మొదట రాతితో కట్టారు. కింద స్తంభాలు బరువుకు వంగుతున్నాయని విప్పేసి 1520కల్లా చెక్కతో తిరిగి కట్టారు. లోపల కప్పు కూడా చెక్కే, దేవదారు. కాబట్టి ఇక్కడ నిప్పే కాదు, తేమ మార్పు కూడా శత్రువే. శీతాకాలంలో కచేరీకి జనం వణక్కూడదని హీటరు గట్టిగా పెడితే గాలి ఎండిపోతుంది. ఆర్గన్‌లో గాలిని గొట్టాలకు పంచే చెక్కపెట్టెలు బీటలిస్తాయి, గాలి లీకై మీట నొక్కకుండానే గొట్టం కూస్తుంది. అందుకే ఇలాంటి చర్చీల్లో వెచ్చదనాన్ని గంటగంటకూ కొద్దికొద్దిగా పెంచుతారు, తేమకొలత చూస్తూ. జూన్‌లోనైనా సాయంత్రం కచేరీకి ఒక స్వెటర్ తీసుకెళ్లాలి. రాయి రాత్రి చల్లబడుతుంది, రెండో పాటకే పాదాల నుంచి చలి ఎక్కుతుంది.

లోపల ముందు చూడాల్సింది పుల్పిట్ మెట్ల పిడి. ఇత్తడి పాములు కిందికి జారుతూ ఉంటాయి, తల కిందికి, తోక పైకి. వాక్యం విని సాతాను పారిపోతున్నాడని అర్థం. చేతులు పెట్టి పెట్టి పాముల వీపులు బంగారంలా మెరుస్తాయి, పొలుసుల గీతలు అరిగిపోయాయి. పొట్టవైపు వేళ్లు పోని చోట మాత్రం ఇత్తడి నల్లగా, చెక్కడం ఇంకా పదునుగా ఉంది.

బ్రూవర్ల (బీరు కాచేవాళ్ల) చాపెల్‌లో, అంటే చర్చి లోపలి చిన్న ప్రార్థన గదిలో, స్తంభం మీద రెండు నల్ల గుర్తులు. పైది 1749లో చనిపోయిన దానియెల్ కాజనస్ ఎత్తు, 2.64 మీటర్లుగా చెబుతారు. కిందిది సైమన్ పాప్ అనే మరుగుజ్జుది, 84 సెంటీమీటర్లు. పిల్లలు వీపు ఆనించి కొలుచుకుంటుంటే కాపలావాళ్లు ఏమీ అనరు. ఇంకో మూల కుక్కలను తరిమేవాడి చాపెల్. కుక్కలు చర్చిలోకి రావడం అప్పట్లో ఎంత మామూలంటే, వాటిని తరమడానికి జీతమిచ్చి మనిషిని పెట్టారు. కట్టేయడానికి గోడలో ఇనుప రింగులు ఇంకా ఉన్నాయి. బేరాలు, షికార్లు, కుక్కలు, మధ్యలో కీర్తన. మన గుడి మండపంలో సంతరోజు ఉండే సందడే. గోడలో ఇరుక్కున్న ఫిరంగి గుండు 1572-73లో, అప్పట్లో హాలెండ్‌ను ఏలిన స్పెయిన్ రాజు సేన ముట్టడి నాటిది. చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ సమాధి వెనక భాగంలో, సాదా రాయి.

ఇప్పుడు ఆర్గన్. క్రిస్టియన్ మ్యూలర్ 1735లో మొదలుపెట్టి 1738లో ముగించాడు. కట్టించింది ఊరి పాలకమండలి. మూడు మీటల వరసలు, కాళ్లతో వాయించే మీటలు వేరే, ఐదు వేలకు పైగా గొట్టాలు. పొడుగాటి గొట్టం దాదాపు పది మీటర్లు, దాని స్వరం చెవికంటే ముందు కుర్చీలోంచి ఒంటికి తెలుస్తుంది. కింద పాలరాతి బొమ్మలు జాన్ బాప్టిస్ట్ క్సావెరీవి. 1766లో పదేళ్ల మోత్సార్ట్ దీన్ని వాయించాడు. ఈరోజుకీ ఊరి ఆర్గన్ వాయిద్యకారులను నియమించేది మున్సిపాలిటీయే. వేసవిలో మంగళవారం రాత్రి ఎనిమిదింపావుకు కచేరీ. అప్పటికప్పుడు రాగం అల్లి వాయించే పోటీ 1951లో ఇక్కడ మొదలైంది, ఇప్పుడు రెండేళ్లకోసారి జరుగుతుంది.

ఎక్కడ కూర్చోవాలో చెప్పాలి, ఎందుకంటే కచేరీ చెడిపోయేది ఇక్కడే. సరిగ్గా ఆర్గన్ కింద కూర్చుంటే పాదమీటల హోరు తప్ప పై స్వరాలు వినిపించవు. మరీ వెనక్కి, పాత బలిపీఠం వైపు వెళ్తే ప్రతిధ్వని మూలంగా వేగంగా వాయించే భాగమంతా ముద్దవుతుంది. హాలు మధ్యలో, పుల్పిట్ దాటి కొంచెం అటు, స్తంభానికి ఎడంగా కూర్చోవాలి. పాట అయ్యాక వెంటనే చప్పట్లు కొట్టరు. గొట్టాల చివరి స్వరం కప్పు కింద పూర్తిగా ఆగేదాకా ఉంటారు. తొందరపడి కొడితే అందరూ తల తిప్పి చూస్తారు.

రాత్రి తొమ్మిదికి కచేరీ ఇంకా నడుస్తుండగానే పైన చిన్న గంటలు మొదలవుతాయి. తొమ్మిది నుంచి తొమ్మిదిన్నర దాకా రోజూ మోగుతాయి. ఒకప్పుడు ఊరి కోటతలుపులు మూసే వేళకు గుర్తు. తలుపులు పోయాయి, గంటలు ఉండిపోయాయి. బయటికొచ్చాక తినడానికి కూడలి చుట్టూ హోటళ్లు ఖరీదు, ప్లేటు ఇరవై యూరోలకు తక్కువ ఉండదు. వంటగదులు కూడా తొందరగా మూసేస్తారు. కచేరీకి ముందే ఆరున్నరకు తినేయాలి. వీధి చివర బంగాళాదుంప వేపుడు పొట్లం నాలుగు యూరోలు, మయొనేజ్‌కి అదనంగా అరవై డెబ్బై సెంట్లు.

ఆరాధన పూర్తిగా ఆగిపోయిన చర్చి ఏమవుతుందో కూడా ఇక్కడే చూడొచ్చు. యాకోబ్ పేరిట ఉన్న పాత చర్చిలో 2010 నుంచి బీరు కాస్తున్నారు, రాగి పాత్రలు హాలు మధ్యలో. కట్టడం దక్కింది, కప్పు కారడం లేదు, అది మంచిదే. కానీ సెంట్ బావోలో ఆదివారం కీర్తన ఉన్నంతకాలం దానికున్న బరువు వేరు. రెండూ చూశాక తేడా చెప్పడానికి మాటలు అక్కర్లేదు.

బుధవారం, లైడెన్

పీటర్స్‌కెర్క్ తలుపు మూసి ఉంది. పక్క గేటు దగ్గర వ్యానులోంచి గుండ్రటి బల్లలు, గాజుగ్లాసుల ట్రేలు దింపుతున్నారు. సాయంత్రం ఎవరిదో విందు. ఈ చర్చిని నడిపేది ఒక ఫౌండేషన్. విశ్వవిద్యాలయం పరీక్షలు, స్నాతకోత్సవాలు, విందులు జరిగిన రోజు సందర్శకులకు ప్రవేశం ఉండదు. ఇలాంటి ప్రతి చర్చికీ తమ వెబ్‌సైట్‌లో మూసే తేదీల పట్టిక ఉంటుంది, ముందురోజు రాత్రి ఒకసారి చూసుకోవాలి. వారం ముందు చూస్తే చాలదు, తర్వాత చేరే బుకింగులు ఉంటాయి.

బుధవారం లైడెన్‌లో సంత, కాలువ ఒడ్డున. కాబట్టి వచ్చినందుకు నష్టమేమీ లేదు. కిబ్బెలింగ్ అని, పిండిలో ముంచి వేయించిన చేపముక్కలు, కాగితపు గిన్నెడు ఏడెనిమిది యూరోలు. నూనెలోంచి తీసిన వెంటనే మసాలాపొడి చల్లుతారు. కారం అనుకుని ఆశపడకండి, ఉప్పూ మిరియాలే ఎక్కువ. 1574లో స్పెయిన్ ముట్టడి తొలగిన అక్టోబరు 3న ఊరంతా హెరింగూ తెల్ల రొట్టే తింటారు, ఆకలి తీరిన రోజు గుర్తుగా.

గురువారం, గౌడా: సెంట్ యాన్

గురువారమే ఎందుకంటే చీజ్ సంత. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఉదయం పదికి టౌన్ హాల్ ఉన్న కూడలిలో మొదలై మధ్యాహ్నానికి ముగుస్తుంది. పన్నెండు కిలోలకు పైబడిన పసుపు చక్రాలు నేలమీద వరసగా. రైతూ వర్తకుడూ ధర చెబుతూ ఒకరి అరచేతిలో ఒకరు చరుచుకుంటారు, చివరి చరుపుతో బేరం కుదిరినట్టు. ఇప్పుడిది చూపరుల కోసం చేసేది, అయినా చూడాలి. తూకపు భవనం 1668 నాటిది. కొనేటప్పుడు లేత, మధ్యరకం, ముదురు మూడూ రుచి చూపించమనండి, చూపిస్తారు. ముదురుదాంట్లో నోటికి తగిలే తెల్లటి గింజలు ఉప్పు కాదు, ముదిరాక ఏర్పడే స్ఫటికాలు. అవి కరకరమన్నదే ఎక్కువ రోజులు నిల్వ ఉంటుంది, మన ఎండలకు తట్టుకుంటుంది.

పక్క బండి దగ్గర వేడి స్ట్రోప్‌వాఫెల్, మూడు యూరోలు. పిండి ఉండను ఇనుప పెనాల మధ్య నొక్కి, దించగానే కత్తితో అడ్డంగా రెండు పొరలుగా కోస్తారు, మధ్యలో పాకం పూసి మూస్తారు. దించిన కొద్ది క్షణాల్లోనే కోయాలి. చల్లారితే పెళుసై విరుగుతుంది. పాకం లోపల వేడిగా ఉంటుంది కాబట్టి మొదటి కొరుకు అంచునుంచి.

సంత చూసి పదకొండున్నరకు చర్చికి నడవాలి. టౌన్ హాల్ నుంచి రెండు నిమిషాలు. సెంట్ యాన్ పొడవు 123 మీటర్లు, ఆ దేశంలో ఇంత పొడవైన చర్చి ఇంకోటి లేదు. టికెట్ పది యూరోలు అటూ ఇటూ, చెవిలో పెట్టుకునే గైడు అందులోనే. బైనాక్యులర్ తప్పనిసరి. పెద్ద కిటికీలు ఇరవై మీటర్ల దాకా పోతాయి, పై భాగంలో ముఖాలు మామూలు కంటికి రంగు మచ్చలే.

1552 జనవరిలో పిడుగుపడి చర్చి కాలింది. తిరిగి కట్టేటప్పుడు 1555 నుంచి డిర్క్, వౌటర్ క్రాబెత్ అన్నదమ్ములు గాజు చిత్రాలు పెట్టడం మొదలుపెట్టారు. ఖర్చు దాతలది, ఏడో కిటికీ స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ 1557లో ఇచ్చింది. ప్రభు రాత్రి భోజనం దృశ్యం ముందు ఫిలిప్, భార్య మేరీ ట్యూడర్ మోకరించి ఉంటారు. ఇరవై రెండో కిటికీ 1567లో ఆరెంజ్ విలియం ఇచ్చింది. యేసు దేవాలయంలోంచి వ్యాపారులను తరిమే ఘట్టం. తర్వాత ఫిలిప్ మీద తిరుగుబాటు నడిపింది ఆ విలియమే. రాజూ, ఆయన మీద తిరగబడ్డవాడూ ఇచ్చిన కిటికీలు ఒకే చర్చిలో నిలిచిపోయాయి.

1573లో చర్చి రిఫార్మ్‌డ్ సంఘం చేతికి వచ్చింది. మిగతా ఊళ్లలో విగ్రహాలు, గాజు బద్దలయ్యాయి, ఇక్కడ కిటికీలు ఉండిపోయాయి. ఉండటమే కాదు, కొత్త పాలనలో ఊళ్లే ఖర్చు పెట్టి ఇంకొన్ని వేయించాయి. ఒకటో కిటికీ 1596 నాటి మనస్సాక్షి స్వేచ్ఛ. రథం మీద ఒక స్త్రీ, చక్రాల కింద దౌర్జన్యం. 1603లో లైడెన్ ముట్టడి తొలగిన ఘట్టం వేయించింది డెల్ఫ్ట్ ఊరు. వేదకథ లేదు, సాధువు లేడు, నీళ్లలో మునిగిన పొలాలు, ఓడలు, ఊరి బురుజులు. ఊరి చరిత్రను చర్చి కిటికీలో పెట్టుకోవడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

చూసే క్రమం ఇలా పెట్టుకుంటే వెలుతురు కలిసొస్తుంది. పొద్దున తూర్పు కొస, మధ్యాహ్నం దక్షిణం గోడ, ఆఖరికి పడమర. ఉత్తరం వైపువి మబ్బురోజే బాగుంటాయి. ఎండ నేరుగా పడ్డ కిటికీలో ఎరుపూ నీలమూ మండిపోతాయి గానీ, గాజు మీద కుంచెతో వేసిన ముఖాల నీడలు కనిపించవు. మబ్బుపట్టగానే ఆ గీతలు బయటపడతాయి. గాజు ముక్కలను కలిపే సీసపు పట్టీలు వందల ఏళ్లకు మెత్తబడి కుంగుతాయి, గాలి కొడితే కిటికీ లోపలికి ఉబ్బుతుంది. అందుకే అడ్డంగా ఇనుప కడ్డీలు బిగిస్తారు. ఆ నల్ల గీతలు చిత్రంలో భాగం కావు. కిటికీల కోసం అసలు కొలతలో గీసిన కాగితపు చిత్రాలు కూడా చాలావరకు ఈ చర్చి దగ్గరే భద్రంగా ఉన్నాయి. ఏ గాజు పగిలినా ఆ ముక్క ఎలా ఉండేదో చూసి చేయగలుగుతున్నారంటే అందుకే. రెండో ప్రపంచ యుద్ధానికి ముందే కిటికీలన్నీ విప్పి దాచారు, తిరిగి బిగించాక 1947లో దేశ విమోచనం మీద ఇంకో కిటికీ చేర్చారు.

నాలుగు దాటాక ఇద్దరు మనుషులు చక్రాల బండి మీద కుర్చీలు తోసుకొచ్చారు. రాత్రి గాయకబృందం పాట ఉంది. పాత సమాధి రాళ్లు గీసుకుపోకుండా ప్రతి కుర్చీ కాలికీ ఫెల్టు ముక్క. ఊడిపోయినవి పక్కన పెట్టి, జిగురు రాసి, ఆరాకే వరసలో వేస్తున్నారు. వరసకు పన్నెండు, మధ్యలో చక్రాల కుర్చీ పట్టే దారి. వేసేవాళ్లలో ఒకాయన ఆదివారం కానుక సంచి పట్టుకుని తిరుగుతాడట, పక్కావిడ చెప్పింది. ఐదింటికి సందర్శకుల తలుపు మూస్తారు, నాలుగున్నర తర్వాత టికెట్ ఇవ్వరు.